ఫుస్తుక్ గోళ్ళు

ముప్ఫయ్యేళ్ళు దాటేదాకా వార్తూహి ఒక్క కుక్కని కూడా ముట్టుకోలేదు. ఆమెకి వచ్చింది ఆడవాళ్ళ గోళ్ళ పని. బీరూట్ పక్కన ఆర్మేనియన్ల పేట బుర్జ్ హమ్మూద్‌లో నది వంతెన దిగగానే ఎడమపక్కన ఒక ఆడవాళ్ళ సెలూన్ ఉండేది. పదహారో ఏట అందులో చేరింది. తండ్రి మిస్సాక్ చెప్పులు కుట్టేవాడు. తోలు మీద కత్తి ఎక్కడిదాకా పోవాలో, ఎక్కడ ఆగాలో ఆయన పక్కన కూర్చుని చూసింది. గోరు తియ్యడమూ అంతేనని ఆమె నమ్మకం.

లెబనాన్ యుద్ధంలో, డెబ్భై ఎనిమిది వేసవిలో సెలూన్ కప్పు మీద ఫిరంగి గుండు పడింది. ఆ సమయానికి వార్తూహి రొట్టెలకని వీధి చివరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లోపల గాజుపెంకులు, సిమెంటు, మనుషులు ఒకటే ముద్దగా ఉన్నారు. యజమానురాలిని ఉంగరాన్ని బట్టి పోల్చుకున్నారు. మూడోనాడు వార్తూహి ఆ మట్టిదిబ్బలోంచి తన పనిముట్ల సంచీ లాక్కుని ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో ముసలి తల్లి ఉంది, తండ్రి అప్పటికే పోయాడు, పెళ్ళి మాట ఎవరూ ఎత్తడం లేదు. సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

అలా దొరికిన ఇళ్ళలో నదికి అవతల అష్రఫియేలో మదామ్ యూజెనీ ఇల్లొకటి. ఆమె డాక్టరు భార్య. డాక్టరు పోయాక ఆ ఎర్ర పెంకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. పెరట్లో పాత బావి, బావి పక్కన నారింజ చెట్టు. ఆమెకి తోడు ఒక బుల్లి కుక్క. పుట్టినప్పుడు గుప్పెట్లో పట్టేదట, అందుకని పిస్తాపప్పు అనే అర్థంలో ఫుస్తుక్ అని పిలుచుకునేది.

ఫుస్తుక్ యుద్ధంలో పుట్టిన కుక్క. తలుపు గాలికి కొట్టుకున్నా సోఫా కింద దూరి ఉచ్చ పోసుకునేది. పశువుల డాక్టరు పారిస్ వెళ్ళిపోయాడు. ఏడాదిగా తియ్యక దాని గోళ్ళు కొక్కేల్లా వంగి నడక కూడా మారిపోయింది.

"నా గోళ్ళు తర్వాత చూద్దువుగానీ, దీనివి తియ్యి వార్తూహీ. కుంటుతోంది పాపం," అంది మదామ్.

"నాకు కుక్కలు రావు మదామ్. మీరు మంచివాడు కాబట్టి చెబుతున్నాను, నన్ను అడగొద్దు," అంది వార్తూహి.

వార్తూహిది ఆర్మేనియన్ల అరబ్బీ. ఆ నోట్లో మగవాళ్ళు ఆడవాళ్ళయిపోతారు, ఆడవాళ్ళు మగవాళ్ళయిపోతారు. మదామ్ ఎప్పటిలాగే పకపకా నవ్వి, "నేను మంచివాణ్ణే, కాదనను. నువ్వూ మంచివాడివి అనిపించుకో మరి," అంటూ కుక్కని తెచ్చి ఒళ్ళో పడేసింది.

మొదటిరోజు మూడుసార్లు కరిచింది. నాలుగోసారి వార్తూహి దాన్ని తువ్వాల్లో బిగించి, తల తన ఎడమ చంకలో దూర్చుకుని, కాలు లాగకుండా వేలి మెత్త మీద బొటనవేలితో నొక్కి, గోరు బయటికి రాగానే చివర మాత్రం తుంచింది. ఒక గోరు తీసి కాసేపు ఊరుకునేది. దాని ఊపిరి తగ్గాక ఇంకొకటి. తండ్రి వదిలిపోయిన పటకారుతో తీసేది, చెప్పు మడమల్లో మేకులు తెంచేదాన్ని సానబెట్టించి. ఆడవాళ్ళ కత్తెరలు ఆ కొక్కేల ముందు పనికిరాలేదు.

కుడి ముందుకాలి లోపలివైపు బొటన గోరు పట్టుకుని ఉండగా పక్క వీధిలో గుండు పడింది. చెయ్యి అదిరింది. గోటి లోపలి నెత్తుటి నరం తెగింది. కుక్క కెవ్వుమంది. వార్తూహి పటిక అద్ది అరగంట అదిమి పట్టుకుంటే గానీ రక్తం కట్టలేదు. ఆ గోరు తర్వాత రెండుగా చీలి పెరిగింది, పీత డెక్కలాగా. ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అలాగే వచ్చేది.

ఆ ఇంటికి ఆమె నెలనెలా ఆరేళ్ళు వెళ్ళింది. మదామ్ చెబితే ఇంకో మదామ్, ఆమె చెబితే మరొకరు, వార్తూహి చేతులకి కుక్కల పనే అలవాటైపోయింది.

ఎనభై అయిదు నవంబరులో ఒకరోజు వెళ్ళేసరికి గేటుకి కొత్త తాళం ఉంది. లోపల ఆ పేటని తుపాకులతో ఏలే పార్టీ మనుషులు పెట్టెలు మోస్తున్నారు. తుపాకీ వీపున వేసుకున్న ఒకడు, "మదామ్ సైప్రస్ పడవెక్కేసింది. పోపో," అన్నాడు. బీరూట్‌లో సగంమంది ఆ పడవ ఎక్కినవాళ్ళే, వార్తూహి నమ్మింది. ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోయిందే అని వారంరోజులు మనసు కష్టపెట్టుకుంది, అంతే.

*

ఎనిమిది నెలల తర్వాత ఆమె ఇంటి ముందు నంబరు లేని కారు ఆగింది. ఇద్దరు దిగారు. "గత్తాస్ రయీస్ కుక్కకి గోళ్ళు తియ్యాలట, ఎక్కు," అన్నారు.

పార్టీ కుర్రాళ్ళు రయీస్, అంటే నాయకుడు, అని పిలిచే గత్తాస్ పేరు తెలియనివాళ్ళు నదికి ఇవతలా లేరు, అవతలా లేరు. అష్రఫియే చివరి చెక్‌పోస్టు అతనిది. అక్కడ గుర్తింపు కార్డు చూపించిన కొందరు ఇళ్ళకి తిరిగి రాలేదు. అంతకు మించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

అతని ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. గత్తాస్ బనీనుతో అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. భార్య నజ్లా కుడిచేతికి గుడ్డ చుట్టుకుని గోడవార నిలబడి ఉంది. నేలంతా పాలరాయి.

"ప్రిన్స్ అని ఒకటుంది సోఫా కింద. నా పెళ్ళాన్ని కరిచింది, మంగలిని కరిచింది. గోళ్ళతో తెల్లారకుండానే టకటకమని తిరుగుతుంది, నాకు నిద్ర పట్టదు. ఆ చప్పుడు నాకు వినపడకూడదు," అన్నాడు గత్తాస్.

వార్తూహి నేలమీద కూర్చుని తువ్వాలు పరిచింది. ఆమె ఇంకా చెయ్యి చాపనే లేదు, సోఫా కిందనుంచి జుట్టంతా ఉండలు కట్టిన కుక్క పొట్ట నేలకి రాసుకుంటూ పాక్కుంటూ వచ్చి తిన్నగా ఆమె ఎడమ చంకలో తల దూర్చేసింది. ఎవరో బాగా అలవాటు చేసిన కుక్క అనుకుంది. కుడి ముందుకాలు పట్టుకుని చూసింది. బొటన గోరు రెండుగా చీలి ఉంది.

వార్తూహి తలెత్తింది. సోఫా కాళ్ళ కింద పరిచి ఉన్న తివాచీ మదామ్ యూజెనీ హాల్లోది. ఆరేళ్ళు ఆ తివాచీ మీదే కూర్చుని ఆమె గోళ్ళు తీసింది.

ఏమీ ఎరగనట్టు పని మొదలుపెట్టింది. ఒక కాలి గోళ్ళు తీసి, రెండో కాలి గోటికి పటకారు ఆనించింది. కుక్క వణుకుతుంటే అలవాటు కొద్దీ ఆర్మేనియన్‌లో ఊరడించింది. ఆ ఊరడింపులో నోరు జారింది. "ఫుస్తుక్, నా బంగారం..."

కుక్క తోక ఆడించింది. గత్తాస్ చేతిలో కత్తి ఆగింది.

"ఏమని పిలిచావ్?"

"ఏమీ లేదు రయీస్. ఊరికే వాగుతాను."

"ఫుస్తుక్ అన్నావు."

"చిన్న కుక్క ఎవరొచ్చినా అలాగే అంటాను రయీస్. మీరు మంచిది, తప్పనుకోకండి."

"నేను మంచిదాన్నట, విన్నావా?" అన్నాడు గత్తాస్ భార్యతో, నవ్వుతూ. నురగ తుడుచుకుని వచ్చి వార్తూహి ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పటికి నవ్వు పోయింది. "ఎనిమిది నెలలుగా తిండి పెడుతున్నదాన్ని కరిచింది. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే వచ్చి ఒళ్ళో పడుకుంది. ఏదీ, ఆ పటకారు ఇలా ఇయ్యి."

ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది?

అతను ఆమె ఎడమచెయ్యి అందుకుని చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర పటకారు నోట్లో పెట్టాడు, కుక్క గోరు పట్టుకున్నంత నెమ్మదిగా.

"ఈ కుక్క ఎవరిది?"

"మీది, రయీస్."

"అంతకుముందు?"

"మీదే."

"ఇంతకుముందు ఎక్కడ చూశావు?"

"ఎక్కడా చూడలేదు."

పటకారు బిగిసింది. ఎముక విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. వార్తూహి పెట్టిన కేకకి కుక్క సోఫా కిందకి దూకింది. వేలి చివర తివాచీ మీద పడింది. నజ్లా ఒక్క అడుగు ముందుకు వేసింది. గత్తాస్ తల తిప్పకుండానే, "అక్కడే ఉండు," అన్నాడు. ఆమె ఆగిపోయింది.

"సరిగ్గా చెప్పావు. ఎవరడిగినా ఇదే చెప్పు," అన్నాడు పటకారు ఆమె బట్టలకే తుడుస్తూ. "మీ అమ్మ మూడో అంతస్తులో ఉంటుందిటగా. మెట్లు దిగలేదట పాపం. జాగ్రత్తగా చూసుకో." పటకారు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంకా మూడు కాళ్ళున్నాయి."

వార్తూహి పటిక వేలికి అదిమి, గుడ్డ చుట్టి, పళ్ళతో ముడి వేసుకుంది. సోఫా కింద చెయ్యి పెట్టి కుక్కని బయటికి తీసింది. మిగిలిన మూడు కాళ్ళ గోళ్ళూ తీసింది. ఆమె రక్తంతో దాని తెల్లని బొచ్చు ఎర్రబడింది. ఎక్కడా నరం మాత్రం తెగలేదు. లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి.

"ప్రతినెలా మొదటి మంగళవారం. గోళ్ళు పెరుగుతాయి కదా," అన్నాడు గత్తాస్.

ఇంటికొచ్చి తల్లితో కారు తలుపులో వేలు పడిందని చెప్పింది. తల్లి ఆ వేలు చూసి, కూతురి మొహం చూసి ఏడ్చింది.

*

మొదట్లో వార్తూహి భయానికే వెళ్ళింది. గత్తాస్ చాలాసార్లు ఇంట్లో ఉండేవాడు కాదు, ఉన్నా పట్టించుకునేవాడు కాదు. కరిచిన పాముకి మళ్ళీ మనిషి గుర్తుండనట్టు అతనికి ఆ వేలు గుర్తే లేదు. ఆ మాటే తల్చుకుని ఒక రాత్రి ఆమె దిండు కొరికింది.

తర్వాత ఒక నెల రోడ్లు మూశారు. పదిరోజులు ఆలస్యంగా వెళ్ళింది. నజ్లా తలుపు తీసింది. కింది పెదవి చీలి, కుట్లు వేసి ఉంది. కుక్క ఊపిరి తీస్తుంటే ఈలలా చప్పుడొస్తోంది. దాని డొక్క మీద చెయ్యి వేస్తే పక్కటెముక కిందకి దిగింది.

"గోళ్ళు పెరిగాయక్కా. పొద్దున్నే దీని టకటక మొదలైంది. లేచి తన్నాడు. నేను మీద పడ్డాను," అంది నజ్లా.

"ఆ చప్పుడంటే ఎందుకంత కోపం దానికి?" అంది వార్తూహి. గత్తాస్‌ని 'దాని' అనడం ఈసారి భాష రాక కాదు.

నజ్లా గొంతు తగ్గించింది. "భయం. ఒకసారి తాగి తనే అన్నాడు. ఆ ఇంట్లో పని అయిపోయాక అంతా నిశ్శబ్దమైందట. ఇది మాత్రం ఆమె చుట్టూ నేలమీద టకటకమని తిరుగుతూనే ఉందట."

"మరి దీన్ని ఎందుకు తెచ్చాడు?"

"తివాచీలో చుట్టుకుని వచ్చింది. బయటపడేస్తానంటే నేనే కాళ్ళు పట్టుకున్నాను. నాకు పిల్లల్లేరక్కా. ఇంట్లో ఊపిరున్నది ఇంకొకటి ఉండనీ అన్నాను." నజ్లా పెదవి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ తివాచీ నాచేతే కడిగించాడు. నాలుగు నీళ్ళు పోసినా ఎర్రగానే వచ్చింది."

ఆనాటినుంచి వార్తూహి ఒక్క మంగళవారం కూడా తప్పలేదు. గుండ్లు పడుతున్నా, పెట్రోలు దొరక్క కార్లు ఆగిపోయినా, వంతెన మీదనుంచి నడిచి వెళ్ళింది. గోళ్ళు కురచగా ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఒక దెబ్బ తగ్గుతుందని ఆమెకి తెలుసు. అన్ని దెబ్బలూ తగ్గవని కూడా తెలుసు. ఒక నెల నజ్లా కన్ను మూసుకుపోయి ఉండేది. ఒక నెల వేళ్ళు వాచి రొట్టె తుంచలేకపోయేది. ఒకసారి మెడ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. వార్తూహి కుక్క గోళ్ళు తీశాక ఆమె గోళ్ళూ తీసేది. ఆ కాసేపు నజ్లా కళ్ళు మూసుకుని కూర్చునేది.

ఎనభై ఎనిమిదిలో తల్లి నిద్రలో పోయింది. ఇక బెదిరించడానికి ఎవరూ మిగల్లేదు. సిరియాలో హలబ్ ఊళ్ళో ఉన్న పెదనాన్న కొడుకు వచ్చెయ్యమని కబురు పెట్టాడు.

"వెళ్ళిపోక ఇంకా ఎందుకొస్తున్నావక్కా?" అంది నజ్లా.

"మంగళవారం వచ్చింది కదా," అంది వార్తూహి, తువ్వాలు పరుస్తూ.

ఆ శీతాకాలంలోనే ఒకరోజు కాఫీ కప్పులు కడుగుతూ నజ్లా వెనక్కి తిరక్కుండా అంది. "నువ్వెప్పుడూ అడగలేదు. అడగవని నాకు తెలుసు. ఆ మదామ్ ఏ పడవా ఎక్కలేదక్కా. ఇల్లు రాసిమ్మన్నారు, ఇవ్వనంది. పెరట్లో బావిలో ఉంది. పైన సిమెంటు పోసేశారు."

వార్తూహి చేతిలో కుక్క కాలు ఉంది. పటకారు పక్కన పెట్టి, ఆ కాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండున్నరేళ్ళుగా అనుకుంటున్నదే. అయినా అనుకోవడం వేరు, చోటు తెలియడం వేరు.

*

తొంభై ఫిబ్రవరిలో ఒకే పక్షంవాళ్ళు రెండుగా చీలి ఒకర్నొకరు చంపుకున్నారు. అప్పటిదాకా శత్రువుల వైపునుంచి పడిన గుండ్లు ఇప్పుడు పక్క వీధినుంచి పడ్డాయి. శవాలు తీసుకెళ్ళేవాళ్ళు లేక మెట్ల మీదే ఉండిపోయాయి. మూడు వారాలు వార్తూహి వంతెన దాటలేకపోయింది. ఒక మధ్యాహ్నం జనం నీళ్ళు పట్టుకోడానికని కాల్పులు ఆపారు. ఆమె సంచీ తీసుకుని గోడలవారగా పరుగెత్తింది.

రెండో అంతస్తు దాటకముందే అరుపులు వినిపించాయి.

తలుపు బార్లా తీసి ఉంది. గత్తాస్ బాల్కనీలో ఉన్నాడు. అయిదు రోజుల గడ్డం, నిద్రలేని కళ్ళు, చొక్కా మీద ఎవరిదో ఎండిన రక్తం. ఒక చేత్తో కుక్కని మెడపట్టి పిట్టగోడ అవతల గాల్లో వేలాడదీశాడు. నజ్లా అతని భుజానికి వేలాడుతోంది. అతను రెండో చేతిలో ఉన్న పిస్తోలు పిడితో ఆమె మొహం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పన్ను ఒకటి నేలమీద పడి దొర్లింది. ఆమె పట్టు వదల్లేదు.

"రయీస్, నేను వచ్చాను. ఇటివ్వండి. గోళ్ళు తీసేస్తాను, చప్పుడుండదు," అంది వార్తూహి.

అతను ఆమెవైపు చూసి, కుక్కని గదిలోకి విసిరాడు. అది గోడకి కొట్టుకుని కింద పడింది. "తియ్యి. వేళ్ళతో సహా తియ్యి," అన్నాడు. అని నజ్లా జుట్టు చేతికి చుట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయాడు.

వార్తూహి మోకాళ్ళ మీద కూర్చుని కుక్కని దగ్గరికి తీసుకుంది. బతికే ఉంది. మొదటి కాలు పట్టుకుంది. ఒక గోరు తీసింది. వంటింట్లో తొట్టికి తల కొట్టుకున్న చప్పుడు. రెండో గోరు తీసింది. మళ్ళీ చప్పుడు. మూడోసారి నజ్లా అరవలేదు. అరుపు రాకపోవడం విని వార్తూహి కుక్కని కింద పెట్టి లేచింది.

వంటింటి గుమ్మం పక్కన కిబ్బే ఉండలకి మాంసం దంచే రాతి రోలు, అందులో మోచేతంత లావు రోకలి ఉన్నాయి. రెండు చేతులతో రోకలి పైకెత్తింది. గత్తాస్ వీపు ఆమెవైపు ఉంది. తల వెనక కొట్టింది.

అతను పడలేదు. తిరిగాడు. కళ్ళలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. పిస్తోలు పేలి కిటికీ అద్దం రాలింది. రెండో గుండు వార్తూహి చెవి పక్కన గోడలో దిగింది. ఆమె రోకలితో అతని మూతి మీద కత్తితో పొడిచినట్టు పొడిచింది. పళ్ళు విరిగాయి. అతను మీదపడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. అతని నోటి రక్తం ఆమె కళ్ళల్లో పడుతోంది. చూపు మసకబారింది. చెవుల్లో హోరు.

అంతలో అతని పట్టు వదులైంది. నజ్లా మోకాళ్ళ మీద లేచి, రోకలి అందుకుని అతని మెడ మీద, భుజం మీద, పిస్తోలు పట్టుకున్న చేతి మీద కొడుతోంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. దంచుతోంది.

"చాలు," అంది వార్తూహి, గొంతు పెగుల్చుకుని. "నజ్లా, చాలు. ఊపిరాడుతోంది దానికి. దాని కుర్రాళ్ళు వచ్చేలోగా పోదాం."

నజ్లా ఆగింది. భర్తని చూసింది. అతని కాలు తిన్నగా చాపి, మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది. కర్ర విరిగినట్టు చప్పుడైంది. "వెనక రాకుండా," అంది.

కుక్కని పనిముట్ల సంచీలో పెట్టుకుని, నజ్లా మొహానికి తువ్వాలు చుట్టి ఇద్దరూ వీధిలో పడ్డారు. కాల్పులు మళ్ళీ మొదలయ్యాయి. నీళ్ళ డబ్బాలతో పరిగెత్తుతున్న ఒక ముసలాయన వాళ్ళ ఎదురుగానే కూలిపోయాడు. అతని డబ్బాలోంచి నీళ్ళు రోడ్డు మీద పారాయి. ఆగలేదు. ఆగి ఉంటే వాళ్ళూ అక్కడే ఉండేవాళ్ళు. వంతెన మీద వంగి పాకుతూ నది దాటారు. బుర్జ్ హమ్మూద్ ఆ కొట్లాటలో ఎవరి పక్షమూ పట్టలేదు.

గత్తాస్ చావలేదు. నాలుగోనాడు ఇద్దరు మనుషుల భుజాల మీద వేలాడుతూ వంతెన దగ్గరికి వచ్చాడు. వార్తూహి వీధివాళ్ళు ఇరవైమంది అడ్డం నిలబడ్డారు. మిస్సాక్ కూతురు మాది అన్నారు. అతను ఉమ్మి వెళ్ళిపోయాడు. ఆ ఏడు అక్టోబరులో యుద్ధం ముగిసింది, అతని గుంపు చెదిరింది, అతను ఏదో ఓడెక్కాడు. ఆఫ్రికాలో ఉన్నాడని కొందరు, బ్రెజిల్‌లో అని కొందరు అన్నారు. ఆ తర్వాత అతని సంగతి ఎవరికీ తెలియలేదు.

*

నజ్లా వార్తూహి దగ్గరే ఉండిపోయింది. మూడు పళ్ళు పోయాయి, ఎడమ చెవి వినపడదు. వార్తూహి పక్కన కూర్చుని కుక్కల్ని పట్టుకోవడం నేర్చుకుంది. ఫుస్తుక్ వెనక కాలు ఈడ్చేది, అయినా తిరిగేది. ఆ ఇంటి గచ్చు మీద దాని గోళ్ళు ఎంత చప్పుడు చేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

తొంభై ఒకటి చివర్లో వార్తూహి సైప్రస్‌లో, లార్నకాలో ఉంటున్న మదామ్ బంధువులకి ఉత్తరం రాయించింది. మదామ్ యూజెనీ చెల్లెలి కొడుకు ఫద్లో వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, స్కూల్లో లెక్కల మాస్టారు. ఇన్నేళ్ళూ పెద్దమ్మ ఏ గుండు కిందో పోయిందని అనుకుంటున్నారు.

"బావి మీద సిమెంటు ఉంది. కింద మదామ్ ఉన్నాడు," అంది వార్తూహి. ఫద్లోకి నవ్వు రాలేదు. ఆమె అరబ్బీ ఎవరూ సరిదిద్దలేదు.

ఇద్దరు కూలీలు సమ్మెటలతో సిమెంటు పగలగొట్టారు. ఒకతను తాడుతో దిగాడు. ముందు ఒక చెప్పు పైకి వచ్చింది. తర్వాత దువ్వెన. తర్వాత దుప్పట్లో మూటగట్టి మిగతాది. పుర్రె వెనక గుండ్రటి చిల్లు ఉంది. ఫద్లో నారింజ చెట్టు దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాడు. వార్తూహి ఆ మూట పక్కన కూర్చుని, పైకి కనపడుతున్న చేతి ఎముకల మీద దుప్పటి సర్దింది. ఆ చేతుల గోళ్ళు ఆరేళ్ళు ఆమే తీసింది.

పోలీసు ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "క్షమాభిక్ష చట్టం వచ్చింది కదమ్మా. పాతవి తవ్వుకుంటూ పోతే ఈ ఊళ్ళో ఒక్క బావి మిగలదు." చనిపోయిన కారణం దగ్గర 'యుద్ధ సంఘటనలు' అని రాసుకుని ముద్ర వేసిచ్చాడు.

చర్చిలో ప్రార్థన జరిగింది. యాభై అరవై మంది వచ్చారు, పాత ఇరుగుపొరుగు. నజ్లా వెనక బల్ల మీద తలకి నల్లగుడ్డ వేసుకుని కూర్చుంది. ఆమె ఎవరో కొందరు గుర్తుపట్టారు. పక్కనున్నవాళ్ళు జరిగి దూరంగా కూర్చున్నారు. ఫాదరీ మృతురాలి దయాగుణం గురించి చెప్పి, "సంఘటనల్లో మనల్ని విడిచి వెళ్ళిన మన సోదరి," అన్నాడు.

నజ్లా లేచి నిలబడింది. వార్తూహి ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయి, వదిలేసింది.

"ఆవిడ సంఘటనల్లో పోలేదు ఫాదర్," అంది నజ్లా. పళ్ళు లేక మాట కొంచెం జారుతోంది, అయినా అందరికీ వినపడింది. "మా ఆయన చంపాడు. గత్తాస్. ఆవిడ తివాచీ మీద రక్తం నేను కడిగాను. కడిగి ఆ తివాచీ మీదే నాలుగేళ్ళు కూర్చున్నాను. నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

ఫాదరీ పుస్తకంలో పేజీ తిప్పి, ప్రార్థన ముగించాడు.

బయట హాల్లో సంతాపానికి వచ్చినవాళ్ళకి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ ఇస్తున్నారు. నజ్లా దగ్గరికి ఎవరూ రాలేదు. వార్తూహి రెండు కప్పులు తెచ్చి పక్కన కూర్చుంది. ఇక వెళ్దామా అని అడగబోయింది. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ కర్ర ఊతంగా వచ్చి నజ్లా ముందు ఆగింది. తిడుతుందనుకుంది వార్తూహి. ఆవిడ చేతిసంచీలోంచి మడతలు పడ్డ ఫోటో ఒకటి తీసింది. పాతికేళ్ళ కుర్రాడు, గళ్ళ చొక్కా.

"మా వాడు. ఎనభై నాలుగు సెప్టెంబరులో మీ చెక్‌పోస్టు దగ్గర ఆపారు. మీ ఆయన ఇంట్లో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అమ్మా?" అంది.

నజ్లా ఫోటో తీసుకుని వెలుతురులోకి తిప్పింది. ముసలావిడ వెనక అప్పటికే ఇంకొకతను ఫోటో కోసం జేబు తడుముకుంటున్నాడు. అతని వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు నిలబడ్డారు.

"కూర్చోండమ్మా," అంది నజ్లా, పక్క కుర్చీ జరుపుతూ. "పేరు చెప్పండి. నాకు గుర్తున్నవన్నీ చెబుతాను."